హవోద్ వాళ్ళ గురువారం

ఆ లోయలో గొర్రెల ఉన్ని కత్తిరింపుకు ఎవరి రోజు వాళ్ళది. జూలైలో మొదటి గురువారం హవోద్ కమతం వాళ్ళది. ఆ పైవారం మంగళవారం పాంట్ వాళ్ళది. అలా కొండకు అటూ ఇటూ ఉన్న కమతాలన్నిటికీ ఒక వరస ఉంది. ఎవరి రోజున వాళ్ళింటికి లోయంతా కత్తెర మిషన్లు చంకన పెట్టుకుని పోవాలి. కూలీ నాలీ ఉండదు. ఇవాళ నీ మందకు నేను, రేపు నా మందకు నువ్వు. తిండి మాత్రం ఆ ఇంటివాళ్ళ పూచీ. ఈ వరస ఎవరు పెట్టారో చెప్పగలిగినవాడు లేడు. పొలం గట్లు జరిగాయి, చాపెల్‌లో పాదిరులు మారారు, బడి మూతపడింది. కత్తిరింపు రోజు మార్చుకున్న ఇల్లు మాత్రం లేదు.

అలాంటిది, రెండువేల పంతొమ్మిదిలో, టీవీ వాళ్ళ కోసం హవోద్ గురువారాన్ని పాంట్ వాళ్ళకు ఇచ్చెయ్యమని అడిగారు. అడిగింది పాంట్ ఇంటి ఐరియాన్. ఇంకెవరు అడిగినా హవోద్ టెగ్వెన్ మనసారా ఇచ్చేదేమో.

వేల్స్ కొండల్లో సగం మంది జోన్సులే కాబట్టి కమతం పేరే మనిషికి ఇంటిపేరు. టెగ్వెన్ హవోద్‌కు అప్పటికి యాభై ఏడేళ్ళు. పదహారు నిండగానే బడి మానేసి తండ్రి వెనక కొండెక్కింది. అన్న కార్డిఫ్‌లో పోలీసు ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అయినా తండ్రి చచ్చేదాకా సంతలో "మావాడు వచ్చి చూసుకుంటాడు" అనే చెప్పుకున్నాడు. మంచులో గొర్రెలను తవ్వి తీసింది టెగ్వెన్. అడ్డం తిరిగిన పిల్లను తల్లి కడుపులో చెయ్యి పెట్టి సరిచేసింది టెగ్వెన్. తండ్రి లెక్కలో అది సాయం, అంతే. మగవాడు చేస్తే సేద్యం, ఆడది చేస్తే సాయం. ఆ కొండలైనా మరే కొండలైనా ఈ ఒక్క మాటలో తేడా ఉండదు. తండ్రి పోయి పద్దెనిమిదేళ్ళయినా కొత్తగా వచ్చిన మేత బేరగాడు గేటు దగ్గర ఆగి, "మీ ఆయన ఉన్నారా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు.

"లేడు, రాడు, పుట్టలేదు" అనేది టెగ్వెన్.

ఏడాదిలో ఒక్క గురువారం మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ రోజు హవోద్ దొడ్డికి ఆమే దొర. ఏ గొర్రె ముందు, ఏది వెనక, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు పని ఆపి తినాలి, అంతా ఆమె నోట రావాలి. భోజనం బల్లకు ఆ కొసన తండ్రి కూర్చున్న కుర్చీలో ఆమె కూర్చుంటుంది. లోయంతా ఆమె వడ్డించింది తిని ఆమె మాట వింటుంది.

ఐరియాన్ సంగతి వేరు. ఆమెను వినడానికి అందరికీ రోజూ తీరికే.

సముద్రపు ఒడ్డున పట్నంలో బ్యాంకు గుమాస్తా కూతురు ఐరియాన్. ఇరవై రెండేళ్ళ కిందట గెథిన్ పాంట్‌ను చేసుకుని వచ్చినప్పుడు పొట్టేలుకూ ఆడగొర్రెకూ తేడా కూడా వెనక నుంచి చూస్తే గాని తెలిసేది కాదు. రెండో వసంతంలో, ఈనలేక పడివున్న గొర్రె పక్కన కూర్చుని ఏడుస్తుంటే, గోడ దూకి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి పోనిచ్చింది టెగ్వెన్. "భయపడకు, కాళ్ళు రెండూ దొరికాయా? ఇప్పుడు తల వెతుకు." అప్పట్లో ఐరియాన్ ఆమెను "మీరు" అనేది. కొండను ఎటు నుంచి చుట్టాలి, పొగమంచులో కుక్కను ఎలా ఈల వేసి తిప్పాలి, అన్నీ "మీరే చెప్పాలి అక్కా" అని నేర్చుకుంది.

తర్వాత ఐరియాన్ రైతుసంఘం కమిటీలో చేరింది. ఫ్రాన్సు నుంచి మాంసం వ్యాపారులను పిలిపించింది. వాళ్ళు ఆమె వంటింట్లో కూర్చుని తిని, లోయలోని గొర్రెపిల్లలన్నిటికీ కలిపి ఒక లారీ ఏర్పాటు చేసుకుని పోయారు. రేడియోలో మాట్లాడింది. పత్రికలో ఫొటో పడింది, "కొండల ఆడరైతు గొంతు" అని కింద రాశారు. ఈ సందట్లో ఎప్పుడో "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ప్రేమతోనే వచ్చిందని లోయలో అందరూ అంటారు. టెగ్వెన్‌కు మాత్రం అది ఎవరో తన కుర్చీని అంగుళం పక్కకు జరిపినట్టుండేది.

అంతకంటే పెద్ద ముల్లు ఇంకొకటి ఉంది. ఒక కత్తిరింపు రోజున వంటింట్లో వడ్డిస్తూ టెగ్వెన్ అంది: "పొరుగువాడితో గొడవ పడితే ముందు చెడేది గోడ కాదు, మంద." తరువాతి చలికాలం ఆ మాట రేడియోలో ఐరియాన్ గొంతులో వచ్చింది. "మా కొండల్లో ఒక మాట ఉంది..." అని మొదలుపెట్టి చెప్పింది. కొండల్లో లేదు ఆ మాట. హవోద్ వంటింట్లో పుట్టింది. టెగ్వెన్ చేతిలో గరిటె ఉంది అప్పుడు.

యూరప్ కూటమిలోంచి బయటికి పోవాలా అని దేశమంతా ఓటేసి అప్పటికి మూడేళ్ళు. పోవడమైతే ఖాయమైంది, ఎలా పోవాలో తేలలేదు. పొరుగు దేశాలతో వ్యాపార ఒప్పందం చేసుకుని పోవాలని కొందరు, ఏ ఒప్పందమూ లేకుండా తలుపు దభాలున వేసి పోవాలని కొందరు. సంతలో, సారాకొట్లో, చాపెల్ పక్క హాల్లో అదే రగడ. ఒకసారి హాల్లో ఐరియాన్ నిలబడి చెప్పింది:

"మన గొర్రెపిల్లల్లో మూడోవంతు సముద్రం దాటిపోతున్నాయి. ఒప్పందం లేకుండా బయటపడితే నలభై శాతమో యాభయ్యో సుంకం పడుతుంది. అంత పోసి ఫ్రాన్సువాడు మన మొహం చూసి కొంటాడా?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. టెగ్వెన్ గొర్రెపిల్లలూ ఆ లారీలోనే పోతాయి. ఆమె కూడా ఇంట్లో కుక్కతో అదే చెప్పుకుంటోంది, కాకపోతే ఇంకాస్త ముతగ్గా. కానీ ఐరియాన్ చెప్పి కూర్చోగానే హాలంతా తలలూపింది. ఆ తలలూపుడు చూసేసరికి టెగ్వెన్ కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"మా తాత యుద్ధానికి పోయినప్పుడు తప్ప ఫ్రాన్సు మొహం చూడలేదు. అప్పుడు కూడా వాళ్ళేం మటన్ కొన్లేదు. అయినా మేం బతికాం."

హాలు గొల్లున నవ్వింది. వెనక బెంచీలోంచి ఎవడో ఈల కూడా వేశాడు. ఆ రోజు నుంచి టెగ్వెన్‌ది తలుపు దభాలున వేసే పక్షం. ఐరియాన్ అవునంటే ఆమె కాదు. మొదట్లో నాలుక మీదే ఉన్న మాట, చెప్పగా చెప్పగా ఒంట్లోకి ఇంకింది. ఒక్కర్తే ఉన్నప్పుడు మాత్రం నిజం వచ్చి ఎదురుగా కూర్చునేది. ఆమె లేచి పక్కగదిలోకి పోయేది.

జూన్ ఆఖర్లో ఐరియాన్ హవోద్ గడప దగ్గరికి వచ్చింది.

"అక్కా, లోపలికి రావచ్చా?"

"తలుపు తీసే ఉందిగా."

"టీవీ వాళ్ళు గురువారం వస్తున్నారు. ఒప్పందం లేకపోతే కొండ రైతు గతేంటని చర్చ. మధ్యాహ్నం అప్పటికప్పుడు నేరుగా చూపిస్తారట. వెనక కత్తిరింపు జరుగుతుండాలి, ముందు మాటలు నడవాలి. వాళ్ళకి ఆ ఒక్క రోజే కుదురుతుందట. నీ గురువారం నాకిచ్చి, నా మంగళవారం నువ్వు తీసుకో."

"కత్తిరింపు హవోద్‌లో జరగదా? మా గొర్రెలకి బొచ్చు మొలవలేదా?"

"అయ్యో అదికాదక్కా! మా దొడ్డి రోడ్డు పక్కనుంది. వాళ్ళ వ్యాన్లు నీ దారి ఎక్కలేవు."

"ఎమ్రిస్ బాబాయి ఏమన్నాడు?"

ఎమ్రిస్ లోయలో అందరికంటే పెద్దవాడు. తగువులు ఆయన దగ్గరే తెగుతాయి.

"సరే అన్నాడు."

"మిగతావాళ్ళు?"

ఐరియాన్ తనకిచ్చిన టీ కప్పులోకి చూసింది. "అందరూ సరే అన్నారు. అందుకే నీ దగ్గరికొచ్చాను."

"అంటే ఊరంతా తిరిగి ఆఖర్న నా గడప తొక్కావన్నమాట."

"నువ్వు వద్దంటే ఆపేద్దామనే..."

"నేను వద్దంటే నన్ను నలుగురూ ఏమనుకోవాలో అది కూడా సిద్ధం చేసే వచ్చావు. పట్టుకుపో. మూట కట్టివ్వనా, ఇలాగే చంకన పెట్టుకుపోతావా?"

నవ్వాలో వద్దో తెలియని మొహంతో ఐరియాన్ లేచింది. "నువ్వూ రా అక్కా. నీ తరఫు మాట కూడా వాళ్ళకి కావాలి."

నీ తరఫు మాట! తన గురువారాన, ఇంకొకరి దొడ్డిలో, గోడకు ఆనుకుని నిలబడి ఒక తరఫు మాట!

ఆ గురువారం పొద్దు పొడవకముందే టెగ్వెన్ కుక్కను తీసుకుని కొండెక్కింది. ఒట్టి తిక్కతో పోయిందా, ఏదైనా లెక్కతో పోయిందా అని తర్వాత లోయ చాలాకాలం తర్కించుకుంది. నేను నా గొర్రెలను నా రోజున దించుకుంటున్నాను, అంతే, అని ఆమె తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ కొండకు కంచె లేదు. హవోద్ మందా పాంట్ మందా ఒకే గడ్డి మేస్తాయి, ఒకే బండ చాటున పడుకుంటాయి. భుజం మీద నీలిరంగు ఉన్నవి హవోద్‌వి, తుంటి మీద ఎర్రరంగు ఉన్నవి పాంట్‌వి. ఒకదాన్ని కదిలిస్తే పది కదులుతాయి. ఒక్క ఇంటి గొర్రెలనే ఏరుకుని దించడం గాలిని ఏరుకోవడమంత పని. ఇది ఆమెకు తెలియదా? ఐరియాన్‌కు నేర్పిందే ఆమె.

పొగమంచు విడేసరికి హవోద్ దొడ్డి కిక్కిరిసిపోయింది. అందులో సగానికి పైగా ఎర్రరంగు తుంటులే. గేటు గడియ వేసి టెగ్వెన్ రాతిగోడ మీద కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలేసింది.

కింద పాంట్ దొడ్డి దగ్గర వ్యాన్లు ఆగివున్నాయి. తీగలు పరిచారు, కుర్చీలు వేశారు. గెథిన్ కొండ మీదికి పోయి మిగిలిన నాలుగు ముసలి గొర్రెలను తోలుకొచ్చాడు. కెమెరా ముందు అవి దగ్గుతూ నిలబడ్డాయి.

కాసేపటికి లోయంతా కదిలి హవోద్ దారి ఎక్కింది. ముందు ఎమ్రిస్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు.

"ఏమే టెగ్వెన్, దొంగలకంటే ముందు లేచావా?"

"నా గురువారం నేను లేచాను బాబాయ్."

"లే. ఎవడొద్దన్నాడు? పాంట్ వాళ్ళ గొర్రెల్ని కూడా భోజనానికి పిలిచావెందుకు?"

"కంచె నేను పీకలేదు. ఉంటేగా పీకడానికి."

"ఇది పగ!" అని అరిచాడు గెథిన్. "మా ఆవిడ నెల రోజుల నుంచి నిద్ర మానుకుని..."

"మీ ఆవిడ నిద్ర మానుకుంటే దేశానికి తెలుస్తుంది. నేను మానుకుంటే నా కుక్కకి తెలుస్తుంది" అంది టెగ్వెన్.

ఐరియాన్ దొడ్డిలోకి చూసింది, ఆమె మొహం పాలిపోయింది. ఒకసారి కొండ దించిన గొర్రెను కత్తెర పడకుండా తిరిగి పైకి తోలడం ఆ లోయలో లేదు. ఎండల్లో బొచ్చులో ఈగలు గుడ్లు పెడితే గొర్రె బతికుండగానే పురుగులు తినేస్తాయి. అందుకని ఎమ్రిస్ ఆకాశం వంక చూసి తేల్చేశాడు: "గొర్రెలు ఎక్కడుంటే కత్తెర అక్కడే. మిషన్లు తీయండి."

టీవీ అమ్మాయికి ఇదంతా పండగలా ఉంది. పొట్టి జుట్టు, పొడుగు కోటు, ఊపిరి సలపనన్ని ఫోన్లు. పెద్ద వ్యాన్లను కిందే వదిలేసి, ఒక్క కెమెరాను ట్రాక్టరు తొట్టిలో వేయించుకుని పైకి వచ్చింది. "ఇదే బాగుంది! నిజమైన రాతిగోడలు!" అంది, పాంట్ గోడలు అట్టవైనట్టు.

మధ్యాహ్నం చర్చ మొదలైంది. ముందు ఐరియాన్ మాట్లాడింది. పొద్దుటి అవమానం మొహంలో ఉన్నా గొంతులో లేదు. సుంకం గురించి, లారీ గురించి, గొర్రెపిల్లల ధర సగానికి పడితే మొదట మూతపడేది ఏ ఇళ్ళో చెప్పింది. ఒంటరి ఆడవాళ్ళు నడిపే కమతాలే ముందు పోతాయంది. ఎందుకంటే అలాంటివాళ్ళను బ్యాంకు నమ్మదు, మార్కెట్ లెక్కపెట్టదు. కత్తెరలు ఆపి అందరూ విన్నారు. టెగ్వెన్ కూడా విన్నది. తన బతుకును తన దొడ్డిలో నిలబడి, తనకంటే బాగా, మరొకతె చెబుతోంది. ఒక్క మాటైనా తప్పు చెబితే బాగుండునని గుడ్లప్పగించి చూసింది. ఒక్కటీ దొరకలేదు.

టీవీ అమ్మాయి మైకు పట్టుకుని ఇటు తిరిగింది. "టెగ్వెన్ గారూ, మీరు ఒప్పందం లేకుండానే పోవాలంటారట కదా?"

ఎదురుగా మనుషులు, కెమెరా వెనక దేశం. ఇన్నేళ్ళుగా ఏ క్షణం కోసం ఆకలిగొన్నదో అది వచ్చి నిలబడింది. ఐరియాన్ చెప్పింది నిజమే, మా పిల్లలూ ఆ లారీలోనే పోతాయి, అందామనుకుంది. నిజంగానే అనుకుంది. నోరు కూడా తెరిచింది.

ఈలోగా ఆ అమ్మాయి చేతిలో కాగితం చూసి, "ఐరియాన్ గారిది ఒక గొప్ప మాట ఉంది కదా," అంది నవ్వుతూ. "పొరుగువాడితో గొడవ పడితే ముందు చెడేది గోడ కాదు, మంద. దీనికి మీ జవాబేంటి?"

టెగ్వెన్ ఐరియాన్ వంక చూసింది. ఐరియాన్ నేల వంక చూసింది. ఆమె నోరు కదిలిందో లేదో, ఏదో చెప్పబోయిందో లేదో, టెగ్వెన్ ఆగలేదు.

"ఆ మాట తప్పు" అంది.

టీవీ అమ్మాయి మైకు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"మంద చెడేది గొడవ వల్ల కాదు. ఎప్పుడూ సరే సరే అనడం వల్ల. పొరుగువాళ్ళు మన దారి అడుగుతారు, ఇస్తాం. మన రోజు అడుగుతారు, ఇస్తాం. మన నోట్లో మాట కూడా తీసుకుపోతారు, ఊరుకుంటాం. చివరికి మన ఇంట్లో మనం ఎప్పుడు తినాలో వాళ్ళే చెబుతారు. గొడవ పడాలి. నష్టమొచ్చినా పడాలి. అప్పుడే వాళ్ళకి మన గడప ఎక్కడుందో తెలిసొస్తుంది!"

ఆ ఆవేశం నిజమైనది కాబట్టి అందరికీ తాకింది. ముందు ఒకడు చప్పట్లు కొట్టాడు, తర్వాత సగం దొడ్డి కొట్టింది. "అద్భుతం!" అంది టీవీ అమ్మాయి. సాయంత్రానికి ఆ మాటలు దేశమంతా తిరిగాయి. కొండల్లోంచి ఒక ఆడరైతు యూరప్‌కు గడప చూపించిందని పెద్దపెద్ద వాళ్ళు మెచ్చుకున్నారు. ఆమె చెప్పింది పాంట్ ఇంటి గురించని లోయకు తప్ప ఎవరికీ తెలియదు. దేశం ఓటేసినప్పుడు కూడా పెద్ద మాటల అడుగున ఇలాంటి గురువారాలు ఎన్ని ఉన్నాయో ఎవరూ తవ్వి చూడలేదు. తవ్వవలసిన వాళ్ళు పట్నాల్లో కూర్చుని జనానికి బుద్ధి లేదని తీర్పు చెప్పారు. బుద్ధి ఉంది. దాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, అంతే.

కెమెరా వెళ్ళిపోయాక కత్తిరింపు సాగింది. ఊడిన ఉన్నిని బల్ల మీద పరిచి చుట్టే పని టెగ్వెన్‌దీ ఐరియాన్‌దీ. ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు అంచులు మడిస్తే ఒకరు చుట్టారు.

"ఆ మాట నీదే కదా అక్కా" అంది ఐరియాన్ చివరికి. "చెప్పుండొచ్చుగా?"

"నువ్వు చెప్పుండొచ్చుగా."

ఐరియాన్ చేతులు ఆగాయి. "ఇవాళ చెబుదామనుకున్నాను. నిజం. కానీ అంతకుముందు రేడియోలో... అప్పుడు చెప్పాలనే తోచలేదు. తప్పే."

ఆ ఒప్పుకోలు కూడా టెగ్వెన్‌కు నచ్చలేదు. తిడితే బాగుండేది. తిడితే ఆమెకు తన గెలుపు మిగిలేది.

ఎమ్రిస్ గోడ మీద కూర్చుని పైపు వెలిగించుకుంటూ అడిగాడు: "బాగానే మాట్లాడావే అమ్మాయ్. చప్పట్లు కూడా పడ్డాయి. మరి సెప్టెంబర్లో నీ పిల్లల్ని ఎక్కడ అమ్ముతావు? గడప దగ్గరా?"

మిషన్ల దగ్గర మగవాళ్ళు ముసిముసిగా నవ్వారు. టెగ్వెన్ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఐరియాన్, వాళ్ళ నవ్వు వినబడనట్టే, చుట్టిన ఉన్నిని పక్కన పెడుతూ మామూలు గొంతుతో అడిగింది:

"లారీ వాళ్ళకి ఈ వారంలో చెప్పాలి. నీ పిల్లలకి ఎంత చోటు ఉంచమంటావు అక్కా?"

అంత మర్యాదగా అడగడం ఈ మనిషికి ఎవరు నేర్పారు? అది మాత్రం తను నేర్పింది కాదు. ఎక్కడో పట్నంలో, బ్యాంకు గుమాస్తా ఇంట్లో, పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. టెగ్వెన్ పళ్ళు బిగించి తరువాతి ఉన్నిని బల్ల మీదికి లాగింది. తుంటి మీద ఎర్రరంగు ఉన్న గొర్రెది.

"ఎప్పుడూ ఉంచేంత" అంది.